కంచె వేసిన మాట

దేముడు కత్తి ఎత్తినప్పుడు పోలినాయుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. బావమరిది వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు పాపం. మొదటి వేటుకి, పుస్తకం పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర తెగి ఎండుటాకుల్లో పడింది. రెండో వేటు మెడ మీద పడింది. ఆ తర్వాత పడ్డవన్నీ ప్రాణం పోయిన మనిషి మీదే. ఒక బీడీ కాలినంత సేపు దేముడు అలా నరుకుతూనే ఉన్నాడు. చుట్టూ చెరకు కొడుతున్న కూలీలు ఎక్కడి వాళ్ళక్కడ బిగుసుకుపోయారు.

తర్వాత కత్తి దానంతటదే చేతిలోంచి జారిపోయింది. దేముడు కిందికి చూశాడు.

"ఏటైంది బావకి? ఎవులు సేసినారిలాగ?" అని వాళ్ళనే అడిగాడు.

ఆ ప్రశ్నతో వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. చెరకు గడలతో కొట్టడం మొదలుపెట్టి బండికాడి మేకుల దాకా వెళ్ళారు. పోలీసు జీపు ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ మడిలోంచి రెండు శవాలు లేచేవి. అప్పటికే దేముడి కుడి చెయ్యి విరిగింది, ఒక కన్ను పూడుకుపోయింది, ముందరి పళ్ళు నోట్లో లేవు.

ముందురోజే బావా బావమరుదులిద్దరూ బోరు నీళ్ళ వంతు దగ్గర ఊరంతా వినేలా తిట్టుకున్నారు. "నిన్ను నరికీకపోతే నా పేరు దేముడు కాదు" అని కూడా అన్నాడట. కోపంలో ఎవరు ఏమనరు? కానీ ఊరికి ఇక వేరే కారణం అక్కర్లేకపోయింది.

ఇంతకీ చచ్చినవాడు దేముడి పెద్దక్క నూకాలు మొగుడు. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరి మధ్యది హైమ. చదువుకుని, విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. కబురు తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి నూకాలు శవాలగది గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. చెల్లెల్ని చూడగానే లేచి ఈ చెంపా ఆ చెంపా వాయించింది.

"ఒచ్చినావా? తమ్ముడి కోసం ఒచ్చినావా? ఆడు నీకు తమ్ముడేటే! ముక్కలు ఏరి మూట గట్టి ఇచ్చినారే నా మనిషిని!"

"అప్పా..."

"అప్పా గిప్పా అనకు. ఆడికి ఉరి పడాల. పడకపోతే నానే నరుకుతాను."

హైమ చెంపలు పట్టుకోలేదు, ఏడవనూ లేదు. అక్క చేతులు నొప్పెట్టి ఆగేదాకా నిలబడింది. ఆగాక కూడా నూకాలు జుట్టు వదల్లేదు. నర్సమ్మ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

అక్కడే గోడవార కానిస్టేబుల్ ఒకడు సాక్ష్యాల సంచి పెట్టుకు కూర్చున్నాడు. పారదర్శకంగా ఉన్న ఆ సంచిలో చెరకు కత్తితో పాటు నెత్తుటిలో తడిసిన చిన్న పుస్తకం ఉంది. 'చెరకు కోత - జాగ్రత్తలు'. హైమకి దాన్ని చదవక్కర్లేదు. అది వాళ్ళ శాలదే, ఆమె చేతుల మీదుగా అచ్చుకెళ్ళిందే. తెరిచి ఉన్న పేజీలో ఒక గీత ఉండాలి. రెండున్నాయి. రెండో గీత కంటబడగానే ఆమె గబుక్కున మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఆ గీత సంగతి చెప్పాలి. దాన్ని కనిపెట్టింది డాక్టర్ వేదాద్రి. అక్షరాల కింద మామూలు గీతలాగే కనిపిస్తుంది. కంటికి ఆనని సన్నటి వంకర ఒకటి దాని పొడవునా ఉంటుంది. ఆ వంకర మీంచి చూపు వెళ్ళిందంటే, పైనున్న మాట ఏం చెయ్యమంటే అది చెయ్యి చేసేస్తుంది. క్షయ రోగుల మాత్రలకి చుట్టే కాగితం మీద 'మింగండి' అన్న మాట కింద మొదట దాన్ని వేశారు. మాత్ర చేతిలో ఉంటుంది, మాట కంట్లో పడుతుంది, మాత్ర గొంతు దిగుతుంది. సగంలో మందు మానేసి రక్తం కక్కుకునే జనం ఆ కాగితం పుణ్యమా అని బతికి బట్టకట్టారు. డాక్టరుగారు దానికి ఊతగీత అని పేరు పెట్టుకున్నారు.

"ఇది మనిషిని తోయదమ్మా, ఊతమిస్తుందంతే" అనేవారాయన హైమతో. "బతకాలని లోపల ఉంటుంది, బద్ధకం అడ్డొస్తుంది. గీత ఆ బద్ధకాన్ని పక్కకి జరుపుతుంది. మనసులో లేనిది గీత చేయించలేదు."

ఈ మాటని ఆయన పరీక్ష పెట్టి మరీ రుజువు చేశారు. 'లెంపకాయ కొట్టండి' అన్న దాని కింద ఊతగీత వేసి, ఆ కాగితాన్ని కుర్చీల్లో కూర్చున్న వాళ్ళ చేతికిచ్చారు. ఒక్కరూ పక్కవాణ్ణి కొట్టలేదు. పరీక్ష నెగ్గిందని చివర్లో అందరూ చప్పట్లు చరిచారు.

* * *

స్టేషను కిటికీ అద్దాలు అప్పటికే పగిలిపోయాయి. బయట ఊరు ఊరంతా ఉంది. "ఆణ్ణి మాకు ఒగ్గీయండి" అని అరుపులు. పోలీసులు లాఠీలు ఝళిపించినప్పుడల్లా గుంపు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి రాళ్ళతో తిరిగొస్తోంది. ఒక రాయి తగిలి హైమ నుదురు చిట్లింది. అయినా లోపలికి దూరింది.

లాకప్‌లో దేముడు గోడకి ఆనుకుని ఉన్నాడు. పళ్ళు లేని నోటితో మాట సరిగా రావడం లేదు.

"చిన్నప్పా, నానేటి సేసినానో నాకు తెల్దే."

"గుర్తున్నకాడికి చెప్పరా."

"నాకు రెండు సేతులా పని. ఒక సేతిలో కత్తి, ఒక సేతిలో గడ. బావకి సదువు రాదు గదా. పుస్తకం తెరిసి నా మొకం ముందర పట్టుకున్నాడు, 'ఏటి రాసినార్రా, సదువు' అనీసి. సదివినాను. మరంతే. కళ్ళు తెరిసీసరికి..." వాడు ఎడంచేత్తో తల బాదుకున్నాడు. "నీళ్ళకాడ తిట్టినాను. నిజమే. ఆ కోపం నాలో ఉండిపోయిందేటే? నానే సంపీసినానా? నా మనసులో అదే ఉందా చిన్నప్పా?"

ఉరికంటే ఆ ప్రశ్నే వాణ్ణి ముందు చంపేలా ఉంది. హైమ ఊచల్లోంచి చెయ్యి పెట్టి వాడి తల పట్టుకుంది. వాడు విడిపించుకుని మళ్ళీ గోడకేసి బాదుకున్నాడు. నెత్తురు కారేదాకా బాదుకున్నాడు.

* * *

శాలకి వెళ్ళగానే హైమ చేసిన మొదటి పని, పంచడానికి సిద్ధంగా ఉన్న పుస్తకాల కట్టలన్నీ గోదాములో పెట్టించి తాళం వేయించడం. రెండో పని తప్పు వెతకడం.

మామూలు తప్పయితే అచ్చుపేజీ ముందేసుకుని చదువుకుంటూ పోవచ్చు. ఇక్కడ చదివితే ప్రమాదం. అందుకని బల్ల మీద పెన్సిలు దగ్గర్నుంచి అన్నీ తీసేసింది. అట్టముక్క ఒకటి కత్తిరించి అక్షరాలు కప్పేసి, కిందున్న గీతలు మాత్రం కనబడేలా పెట్టింది. మొదటి గీత ఎక్కడ మొదలైంది, అంచు నుంచి ఎంత దూరం, స్కేలుతో కొలిచింది. రెండోది కూడా కొలిచింది. తర్వాత గీతలు లేకుండా అక్షరాలు మాత్రమే వచ్చేలా అదే పేజీ ఇంకోటి తీసి, ఆ కొలతలు దాని మీద పెట్టి చూసింది.

మొదటి గీత, 'చేతికి తోలు తొడుగు' తర్వాత వచ్చే 'తొడుక్కోండి' కింద ఉంది. అది ఉండాల్సిందే. రెండోది 'గడను నేలకి ఆనించి' తర్వాత వచ్చే మాట కింద.

నరకండి.

హైమ బయటికి వెళ్ళి మొహం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంది.

వేదాద్రిగారు రాసుకునేదంతా సాదా అక్షరాల్లోనే. రంగులూ సోకులూ ఆయనకి గిట్టవు. ఆ సాదా రాతని తీసుకుని, అచ్చుకి తయారైన పేజీలుగా మార్చే ప్రోగ్రామును ఈమధ్యే హైమ రాసింది. మాటకి రెండు పక్కలా చుక్కగుర్తు పెడితే ప్రోగ్రాము దాని కింద ఊతగీత వేస్తుంది. అంతవరకే ఆమెకి తెలుసు. ఆ పేజీ తాలూకు సాదా రాత తెరిచి చూస్తే 'తొడుక్కోండి'కి రెండు పక్కలా చుక్కగుర్తు ఉంది. 'నరకండి'కి రెండు పక్కలా మాత్రం కిందిగీత గుర్తు, అదే అండర్‌స్కోర్, ఉంది. ఇదేమిటి?

ఆమె ఆ కిందిగీత గుర్తుల్ని వేరే కాగితం మీద 'బెల్లం' అన్న మాటకి పెట్టి పేజీ తీసింది. బెల్లం కింద గీత పడింది. ఒక పక్కనే పెట్టి తీసింది. పడలేదు. రెండు పక్కలా తీసేసి తీసింది. పడలేదు. మళ్ళీ రెండు పక్కలా పెట్టింది. పడింది. ప్రోగ్రాములో ఒక ముక్క ఆమె సొంతంగా రాయలేదు, బయట దొరికేదే తెచ్చి అతికించింది. కిందిగీతల జంట కనబడితే మాట కింద గీత కొట్టడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. గీత అన్నచోటల్లా ఊతగీత వెయ్యమని దానికి చెప్పింది మాత్రం హైమే.

డాక్టరుగారు వచ్చేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"సర్, ఈ కిందిగీతలు ఎందుకు పెట్టారు?"

ఆయన చూసి, "అది కంచె కదమ్మా" అన్నారు. "నరకడం, కాల్చడం, దూకడం, ఇలాంటి మాటలొస్తే కంచె వేస్తాను. పొరపాటున కూడా దీని కింద ఊతగీత పడొద్దని. ఇదివరకు అచ్చుకూర్పు చేసే వాళ్ళందరికీ తెలుసు. కంచె ఉన్నదంటే రెండుసార్లు చూసుకునేవాళ్ళు."

"నాకెవరూ చెప్పలేదు సర్."

"నువ్వూ అడగలేదుగా."

అంతే. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ముట్టుకోకూడదని కంచె వేసిన మాటలనే ఏరి ఏరి ప్రోగ్రాము గీతలు కొట్టింది. సరిచెయ్యడానికి ఒక్క మాట మారిస్తే సరిపోయింది. అవును అన్నచోట కాదు అని పెట్టింది. ఆ చిన్న పనికి ఎక్కడో చెరకు మడిలో బావ ముక్కలయ్యాడన్న సంగతి తలుచుకుని హైమ అప్పుడు ఏడ్చింది, బల్ల మీద తల కొట్టుకుంటూ ఏడ్చింది.

ఆయన పక్కనే నిలబడి ఆమె వీపు నిమిరారు. ఆయనకి పిల్లల్లేరు. శాలలో చేరినప్పట్నుంచీ ఈ అమ్మాయికి మధ్యాహ్నం తన క్యారియర్లోంచి సగం పెట్టందే తినేవారు కాదు.

"తప్పు మనదే. పోలీసులకి నేనే చెప్తాను. కానీ హైమా, ఇంకో సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి."

"ఏమిటి సర్?"

"మనసులో లేనిది గీత చేయించదు."

ఆమె తలెత్తి చూసింది. ఆయన కళ్ళలో జాలి ఉంది, మోసం లేదు. అందుకే ఆమెకి భయమేసింది.

* * *

ఇన్స్పెక్టర్ రత్నకుమారి శాలకి వచ్చి అంతా విన్నది. గీత మనిషి చేత పని చేయిస్తుందంటే ముందు నవ్వింది. ఒక కానిస్టేబుల్ చేతిలో లడ్డూ పెట్టి 'తినండి' చూపిస్తే, షుగరున్నవాడు, గుటుక్కున మింగేశాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అయితే దేముడు నిర్దోషి అంటారా డాక్టర్ గారూ?"

"గీత తప్పుగా పడింది, దానికి నేనే బాధ్యుణ్ణి. కానీ అతని మనసులో ముందే హత్య ఉంది. గీత ఊతమిచ్చింది. అది లేనివాడు చదివితే ఏమీ కాదు. మేం పరీక్ష చేశాం."

"ఆ పరీక్షలో వాళ్ళు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివారు సర్," అంది హైమ. "చెయ్యి ఖాళీ లేదు. గీత చేతిలో ఉన్నదాన్నే కదిలిస్తుంది. మా మడిలో ఒకరు పుస్తకం పట్టుకుంటే ఒకరు చదువుతారు, చదివేవాడి చేతిలో కత్తి ఉంటుంది. మన కుర్చీల్లో అలా ఎవరున్నారు?"

తప్పు పట్టినా కోప్పడే మనిషి కాదు వేదాద్రిగారు, తన లెక్క మీద తనకి అంత నమ్మకం. పుస్తకంలో బొమ్మ గీయడానికని కొన్న కొత్త చెరకు కత్తి బీరువాలో ఉంటే తెప్పించి చేతిలోకి తీసుకున్నారు.

"చదువుతాను. ఆ పేజీనే."

కాగితాన్ని కర్ర స్టాండుకి తగిలించారు. అందరూ గోడవారకి జరిగారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. మరుక్షణం కత్తి లేచింది. స్టాండు రెండుగా విరిగింది, కాగితం చిరుగులైంది, అయినా ఆయన ఆగలేదు. తెల్లజుట్టు మొహం మీద పడి, పళ్ళు బిగించి, ఆ కర్రని పేళ్ళు పేళ్ళుగా నరికారు.

కత్తి జారాక ఆయన ఆయాసపడుతూ పేళ్ళ వంక చూశారు. మెల్లగా నవ్వారు.

"చూశారా? కర్రని నరికాను. ఇంతమంది ఉన్నారు, ఎవరి మీదికైనా వచ్చానా? రాను. మనిషిని నరకడం నా మనసులో లేదు గనక."

ఇన్స్పెక్టరు తలూపింది. రాసుకోవడానికి కలం తీసింది. ఆ కలం కదిలితే దేముడు హంతకుడు. కోర్టులో హంతకుడు, ఊళ్ళో హంతకుడు, వాడి లోపల వాడికి కూడా బతికినన్నాళ్ళూ హంతకుడే. ఇంక తల గోడకేసి బాదుకోవడం ఒక్కటే వాడికి మిగిలేది.

"ఆగండి మేడమ్," అంది హైమ. "మా బావ స్టాండు కాదు."

ఇంకో పేజీ తీసుకుంది. నేరుగా వెళ్ళి డాక్టరుగారి ఎదురుగా నిలబడింది. కాగితాన్ని తలకిందులు కాకుండా చూసుకుని, వెనక వైపు తనకుండేలా, ఎడంచేత్తో ఆయన మొహం ముందు పట్టుకుంది. కుడిచేత్తో కిందపడ్డ కత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"హైమా! వద్దు."

"మనసులో లేకపోతే ఏమీ కాదన్నారుగా సర్. నా మీద మీ మనసులో ఏం లేదుగా?"

"పిచ్చిపిల్లా, ఏముంటుంది!"

"అయితే చదవండి."

ఇన్స్పెక్టరు "ఏయ్" అంటూ కదిలింది. ఆయన నవ్వబోయారు. అలవాటైన కళ్ళు అక్షరం కనబడితే ఊరుకోవు కదా. చదివేశాయి.

ఒకటే వేటు. కాగితం, దాన్ని పట్టుకున్న చెయ్యి కలిసే కింద పడ్డాయి. నెత్తురు ఆయన కళ్ళజోడు మీదికి చిమ్మింది. హైమ అరిచిన అరుపుకి బయటున్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. ఆయన రెండోసారి కత్తి ఎత్తారు, మెడకేసి. అచ్చం మడిలో దేముడు ఎత్తినట్టే. ఇద్దరు కానిస్టేబుళ్ళు మీద పడ్డారు. ఒకడి చెవి తెగింది. లాఠీ పెట్టి మోచేతి మీద కొడితే ఎముక విరిగిన చప్పుడైంది. అప్పటికి కత్తి పడింది. కత్తి పడ్డాక కూడా ఆ విరిగిన చెయ్యి ఉత్తినే లేస్తూ పడుతూ ఉంది.

కాసేపటికి ఆయనకి తెలివొచ్చింది.

"ఎవరు... ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు.

రత్నకుమారి చేతిలో కలం కిందపడింది. ఆ ప్రశ్నని ఆవిడ దేముడి కేసులో ప్రతి సాక్షి నోటా విన్నది.

కానిస్టేబులు తువ్వాలు బిగించి కడుతుంటే హైమ పళ్ళు కరుచుకుని నేల మీదే తల తిప్పింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సర్, చెప్పండి. నా మీద మీ మనసులో ఏముంది?"

ముసలాయన పాక్కుంటూ వచ్చి ఆమె పాదాలు పట్టుకున్నారు. "ఏమీ లేదమ్మా. ఏమీ లేదు తల్లీ. నా కూతురివి."

"గట్టిగా చెప్పండి సర్. ఇన్స్పెక్టరు గారికి వినబడాలి."

ఆయన చెప్పారు. గొంతు చించుకుని, శాల అదిరిపోయేలా, మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఎవరు ఆపమన్నా ఆపలేదు.

* * *

ఊతగీత వేసే యంత్రాన్ని వేదాద్రిగారు ఎడంచేత్తో సుత్తి పట్టుకుని తనే ముక్కలు చేశారు. మాత్రల కాగితాలు కూడా ఆగిపోయాయి. క్షయ వార్డుల్లో మళ్ళీ సగంలో మందు మానేసే వాళ్ళు మొదలయ్యారు. ఆ పాపం ఎవరి ఖాతాలో వెయ్యాలో ఎవరికీ తెలియదు.

హైమ ఆసుపత్రిలో ఉండగా నూకాలు వచ్చింది. మొదట గుమ్మంలోనే ఆగింది. చెల్లెలి ఎడం చెయ్యి ఉండాల్సినచోట ఉన్న కట్టు చూసింది. మొగుడి శవం మీద కూడా మొదట తనకి కనబడింది ఇలా తెగిన మణికట్టే. వచ్చి మంచం మీద కూర్చుంది. క్యారియర్ విప్పి అన్నం కలిపి ముద్ద చేసి హైమ నోటికి అందించింది.

మూడో ముద్ద దగ్గర గుమ్మంలో అలికిడైంది. దేముడు. ఇన్స్పెక్టరు ఆ రోజే వదిలిపెట్టింది. విరిగిన చేతికి కట్టు, బోసినోరు, లోపలికి రావడానికి అడుగు పడటం లేదు.

నూకాలు తల తిప్పలేదు. చేతిలో ముద్ద ఆగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారి అన్నంలో పడ్డాయి. ఇక లేచి వెళ్ళిపోతుందనుకుంది హైమ.

"కూటికి కూకోరా," అంది నూకాలు గోడ వంక చూస్తూ. "నీ సెయ్యీ ఇరిగిపోనాది గదా. నానే ముద్ద ఎడతాను."